ముందు సూది, తర్వాత మాత్ర

“మాత్ర ముందివ్వండి. నూరి ఇవ్వండి. మత్తు సూది వద్దు,” అన్నాడు బల్ల మీది మనిషి, ఆక్సిజన్ మాస్కులోంచి.

కొత్త డాక్టరు గోడ వంక చూశాడు. ఆ ఆస్పత్రిలో అతనికది మొదటి రోజు. గోడ మీద అద్దాల ఫ్రేములో ఒక కాగితం కొలువుతీరి ఉంది: “స్టెంటు వేసే ప్రతి రోగికీ ముందు మత్తు సూది, తర్వాతే మాత్ర. అరుపులు వరండాలోకి వినపడరాదు. ఇట్లు, పెద్ద డాక్టరు.”

“రూలు ఒప్పుకోదు పెద్దాయనా. నొప్పికి తట్టుకోలేరు.”

“తట్టుకుంటాను.”

గేటు దగ్గర గుండె పట్టుకుని కూలబడితే మోసుకొచ్చారు. పేరు రాసుకునే తీరిక కూడా లేకపోయింది. సిస్టరు ఆయన బట్టలు మూటగట్టి కుర్చీలో పడేసింది.

“ఆయనన్నది నిజమే డాక్టర్‌గారూ,” అంది సిస్టరు. “ఆ మత్తు మనిషితోపాటు కడుపునీ పడుకోబెడుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర అక్కడే బైఠాయిస్తుంది. అది రక్తంలో కలిసేలోగా స్టెంటులో గడ్డ కడితే, ఇక అరుపుల బెడదే ఉండదు.”

“ఈ మాట పెద్ద డాక్టరుగారితో అనలేదా?”

“రెండుసార్లన్నాను. ‘ఆలోచించడం నా పని, గుచ్చడం నీ పని’ అన్నారు. పని తగ్గిందిలే అని నోరు మూసుకున్నాను.”

బల్ల మీది మనిషి కళ్లు మూసుకున్నాడు.

“మరి ఈయనకెలా తెలుసు?”

“తన ప్రాణం మీదికొస్తే ఎవరికైనా చదువు దానంతటదే వస్తుంది లెండి.”

తెర మీద గుండె గీత వంకర్లు పోయింది. కొత్త డాక్టరు గోడ మీది కాగితానికి వీపు తిప్పాడు. “సరే, నూరండి.”

సిస్టరు మాత్ర నూరి, నీళ్లలో కలిపి తాగించింది. ఆయన గ్లాసు అడుగున పొడి కూడా వదల్లేదు. సన్నగొట్టం దూర్చే మణికట్టు దగ్గర మాత్రం తిమ్మిరెక్కించి పని మొదలెట్టారు. తట్టుకుంటానన్న మనిషి రెండుసార్లు గావుకేక పెట్టాడు. వరండాలోకి శుభ్రంగా వినపడింది. స్టెంటు కుదురుకుంది. రక్తం దారిన పడింది. గీత సర్దుకుంది.

అప్పుడు పట్టుకుంది కొత్త డాక్టరుకు భయం.

“మొదటి రోజే రూలు మీరాను. ఎవరో చాడీలు మోసేలోగా నేనే చెప్పుకోవాలి. పెద్ద డాక్టరుగారికి ఫోన్ కలపండి సిస్టర్.”

“ఇప్పుడేనా?”

“ఇప్పుడే.”

సిస్టరు చేతులు తుడుచుకుని, తాపీగా నంబరు నొక్కింది.

కుర్చీలో బట్టల మూట మోగింది.