పేరు తెచ్చిన తీర్పు

రిటైర్డు జడ్జి అలీ అహ్మద్‌కు ఆ పొద్దు కుర్చీలో కుదురు లేదు. సర్వీసంతా సుత్తి ముట్టని మనిషికి టీవీవాళ్లు చెక్కసుత్తి ఒకటి చేతికిచ్చారు. దాన్ని అటు తిప్పుతాడు, ఇటు తిప్పుతాడు, కింద పెడతాడు, మళ్లీ తీస్తాడు.

ఈయనగారి టీవీ కోర్టును హైదరాబాదు నుంచి ప్రొద్దుటూరుకు తెచ్చారు. కల్యాణ మండపంలో సెట్టు. అదీ లైవు. పేరు తెచ్చుకున్న గడ్డ మరి! ఫ్యాక్షన్ రోజుల్లో, జమ్మలమడుగు పక్క పల్లెలో గురప్పను నరికిన కేసులో కాటమయ్యకు యావజ్జీవం వేసింది ఈయనే. సాక్షులు నోరు తెరవని కాలంలో అంత తీర్పా! పేపర్లు ఆకాశానికెత్తేశాయి. ఈ టీవీ కుర్చీ వచ్చిందీ ఆ పేరు మీదే.

ఇంతకూ ఆయనకు కుదురెందుకు లేదంటే, ఫిర్యాదుదారుల బెంచీ మీద ఆ గురప్ప పెండ్లాం అంకాలమ్మ కూర్చుని ఉంది. మేకల తగవని చెప్పి వచ్చిందట. ఆమె ఎడమ చెయ్యి ఇంకా వంకరగానే ఉంది. మొగుడికి అడ్డం పోయి విరగ్గొట్టుకుందని తీర్పులో రాశాడాయన.

“చెప్పమ్మా, మేకల సంగతేంది?”

“మేకలూ లేవు గీకలూ లేవు సామీ. ఆ మాట చెప్పకుంటే నన్ను లోపలికి రానిస్తారా? కాటమయ్యను ఇడిపించు. వాడు నా మొగుణ్ణి సంపలే.”

మండపమంతా గగ్గోలు. “ఆపొద్దు సార్, ఆపొద్దు!” అని చెవిలో ప్రొడ్యూసర్ ఒకటే గోల.

జడ్జికి ఒళ్లు మండింది. ఎంత మాట, తన తీర్పును! “కాటమయ్యను కళ్లారా చూశానని కోర్టులో చెప్పింది నువ్వే కదా?”

“మా పార్టీ పెద్దాయన చెప్పమన్న పేరు చెప్పినా. పీనుగ పడితే అవతలి పార్టీవాళ్ల పేర్లు రాయించేదేగా మా తావున ఆనవాయితీ!”

“మరి అవతలివాళ్లు కాదనలేదే? కాటమయ్య తానే ఒప్పుకున్నాడే?”

“యాడ కాదంటారు! గురప్పను లేపేసినామంటే వాళ్లకు శానా గొప్ప. పులివెందుల దాకా మీసం తిప్పి చెప్పుకున్యారు. ‘నువ్వు లోపలికి పో, నీ పిల్లోళ్లను మేం సూసుకుంటాం’ అని గొర్రెలు మేపే కాటమయ్యను మీ ముందర నిలబెట్టినారు. సూసుకున్యారా, వాళ్ల మొగం! ఆ పిల్లోళ్లకు ఇన్నాళ్లూ సంగటి పెడ్తాండేది నేను. ఇప్పుడు ఆ రెండు పార్టీల పెద్దోళ్లూ ఒక్కటై, ఒకే కారులో తిరుగుతాండారు. వాడొక్కడే జైల్లో.”

అలీ అహ్మద్‌కు ప్రొద్దుటూరుకు రావడం కొరివితో తల గోక్కున్నట్టయింది. ఊరూరా చూస్తున్నారు. పేరు గంగలో కలిసేట్టుంది. అంతలో పాత జడ్జి బుర్ర పనిచేసింది. గొంతు సవరించుకున్నాడు.

“ఎవరు చంపలేదో చెబితే చాలదమ్మా. ఎవరు చంపారో తెలిసిన మనిషి కావాలి. ఉంటే ఇప్పుడే, ఇక్కడే బోనులో నిలబెట్టు.”

ఆ ఊళ్లో ఎవరొస్తారు? రారు. ఆ ధైర్యంతోనే అంతసేపటికి కుర్చీలో కుదురుగా వెనక్కి వాలాడు.

అంకాలమ్మ లేచింది. కొంగు నడుముకు చెక్కుకుని, తానే పోయి బోనులో నిలబడింది.

“ఈ చెయ్యి ఇరగ్గొట్టిన నా మొగుణ్ణి నరికింది నేనే సామీ.”