ఐసు ఫ్యాక్టరీలో నిలవ లాభం

కళింగపట్నం రోడ్డులో ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర జుట్టు నెరిసిన మనిషొకాయన చేతిసంచితో నిలబడ్డాడు.

"ఓపాలి మిసను సూసి ఎల్పోతాను బాబూ," అన్నాడు.

దేవేంద్రకి ఒళ్లు మండింది. నాన్న పోయి నెల తిరగలేదు. ఈ సాయంత్రం బ్యాంకువాళ్లొచ్చి ఫ్యాక్టరీకి తాళం వేస్తారు. పొద్దున్నుంచీ గేటు దగ్గర అప్పులవాళ్లే. ఇప్పుడు ఈయనొకడు, మిషను చూస్తాట్ట.

"మీ నాన్నా, నానూ..."

"మా నాన్న పేరు సెప్పినోలందరికీ ఇచ్చుకోడానికి నా కాడ ఏటీ నేదు. ఎల్లు."

ఆయన కోపం తెచ్చుకోలేదు. కాసేపు లోపలి మోత విన్నాడు. రైలు టైమవుతోందని చెప్పి ఆటో ఎక్కేశాడు.

మధ్యాహ్నం రేఖ బ్యాంకు నుంచి వచ్చింది. ఫ్యాక్టరీ లెక్కలు రాసేది ఆమే.

దేవేంద్ర బ్యాలెన్స్ షీటు ఆమె ముందు విసిరినంత పని చేశాడు. నిలవ లాభం పద్దెనిమిది లక్షలని అందులో ఉంది. గల్లాపెట్టెలో కరెంటు బిల్లుకి కూడా లేదు. ఆ డబ్బు ఎవరు తిన్నారో చెప్పమన్నాడు. ఇంకాస్తుంటే ఏడ్చేసేవాడే.

"ఎవలూ తిన్నేదు అన్నయ్యా. ఏటేటా పంచుకోకుండా వదిలేసిన లాభమది. గల్లాలో ఎందుకుంటాది? అదిగో, ఆ మిసన్లో కంప్రెసరై తిరగతన్నాది."

ఉన్న ఆస్తిలోంచి అప్పులన్నీ తీసేసినా ఇంకా సొంత ఆస్తి మిగులుతోందని, అది చూసే బ్యాంకు గడువివ్వడానికి ఒప్పుకుందని చెప్పింది. సాయంత్రంలోగా వాటాదార్లందరూ సంతకాలు పెడితే చాలట.

దేవేంద్రకి ప్రాణం లేచొచ్చింది. ఎక్కడ పెట్టాలన్నాడు.

"నువ్వొక్కడివే పెడితే సాలదు. సగం వాటా గంగులు గారిది. మీ నాన్న సెప్పనేదా? ఏనాడూ లాభం తీసుకోనేదు, ఫ్యాక్టరీకే ఉంచమన్నాడు. ఆయన మటుకు గుజరాత్‌లో వేరావల్ ఎల్లి ఎవలి బోట్ల మీదో సేపల ఏట సేస్తాడు. ఈరోజే పయనమని తెలిసి, రైలెక్కేముందు ఇటు రమ్మని కబురెట్టాను. ఫోను కూడా నేదు ఆయనకి. రానేదా?"

దేవేంద్ర గేటు దాకా పరిగెత్తాడు. రోడ్డు ఖాళీగా ఉంది. రైలు ఆమదాలవలస స్టేషను దాటి చాలాసేపయింది.

పొద్దున్న ఆయన ఒక్కసారి చూసి పోతానన్నది తన మిషన్నే.