హాస్టల్‌కంతా ఒకే గొలుసు

“పెళ్లైందా?” అడిగింది కాలేజీ హెల్త్ సెంటర్ నర్సు సుబ్బరావమ్మ.

గర్భం రాకుండా మాత్రలు కావాలని వచ్చిన నజ్మీన్, చున్నీ జరిపి మెడలోని నల్లపూసలు చూపించింది.

“ఈ పిన్నీసు పెట్టిన గొలుసు మొన్న మీ హాస్టల్ తేజశ్రీ మెడలో చూశానే. హాస్టల్‌కంతా కలిపి ఒకటే పెళ్లా అమ్మాయ్?”

ఇంటర్‌లోనే కడుపొచ్చి చదువు మానేసిన అక్క, ప్రత్తిపాడులో కూలికి మిరపకాయల తొడిమలు తీస్తూ నజ్మీన్ కళ్లముందు కనబడింది. గొలుసు తీసి బల్లమీద పెట్టింది.

“కాలేదు సిస్టర్. అయినా ఇవ్వండి.”

“మెల్లగా మాట్లాడు. బయట పిల్లలు వింటారు.”

“విననివ్వండి. మొన్న తేజశ్రీ మెడ చూసి మాత్రలిచ్చారు, బీపీ కూడా చూడలేదు. మాత్ర మింగేది మేమండీ, గొలుసు కాదు. మా అమ్మకు ఫోన్ చేస్తారా, చేసుకోండి. ఇవ్వందే నేను కదలను.”

స్టూలు లాక్కుని కూర్చుంది.

బయట వరసలో ఉన్న తేజశ్రీ లోపలికొచ్చింది. గొలుసు తీసుకుని మెడలో వేసుకుంటుందేమో అనుకుంది నజ్మీన్. తేజశ్రీ దాన్ని పక్కకు నెట్టేసింది.

“నాకూ కాలేదు సిస్టర్.”

ఆమె వెనకే ఇంకో పిల్ల వచ్చి నిలబడింది.

సుబ్బరావమ్మ ఈసారి ఎవరి మెడా చూడలేదు. బీపీ మిషన్ ముందుకు లాక్కుంది.

“చెయ్యి ఇటివ్వు,” అంది నజ్మీన్‌తో.