నిదానంగా ఆడే రోబో

రెండు పేకాట సైట్లను కలిపి ఒకటి చేసి, పాతబడ్డ రోబో ఆటగాళ్ళను తీసేసి కొత్తవాటిని పెట్టిన దగ్గర్నుంచి ఇంజినీరమ్మకు ఫోన్లతోనే పొద్దుగూకుతోంది. అందులో ఈ పెద్దాయన మరీ జిడ్డు.

“మా పాత రోబోనే మాకు ఇప్పించండమ్మా,” అన్నాడు మళ్ళీ.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. “ఎన్నిసార్లు చెప్పాలండీ? అది ఉత్త మొద్దు. ఒక్క ముక్క వెయ్యడానికి యుగాలు తీసుకునేది. కొత్తది చిటికెలో వేస్తుంది. ఇంకేం కావాలి మీకు?”

“ఆడేది నేను కాదమ్మా, మా ఆవిడ. పక్షవాతం వచ్చాక తనకు చెయ్యీ నిదానమైంది, మాటా నిదానమైంది. మనుషులతో ఆడితే విసుక్కుని మధ్యలో లేచిపోతున్నారు. ఆ రోబో తడుముకుంటుంటే మాత్రం, ‘పాపం, దీనికీ నా జబ్బే వచ్చింది’ అని నవ్వేది. మంచం పట్టాక నేను చూసిన నవ్వు అదొక్కటే.”

పాతవాటిని ఆనవాలు లేకుండా చెరిపేసింది ఇంజినీరమ్మే.

“ఇక... అది రాదండీ,” అంది.

ఆయన పక్కకు తిరిగి ఆ మాటే చెప్పాడు. కాసేపటికి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, ఆవిడ గొంతు ఫోన్లో వినిపించింది.

“పోనీలెండి. దానికి... నయమైపోయిందేమో.”