ఒక్కొక్క అంకె

రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక చదువు నేర్చినదాన్ని. రాయడమూ చదవడమూ నిదానమే.

నేను ఊడ్చే ఫొటో స్టూడియోలోని లినక్స్ సర్వర్‌లో నాలుగు డిస్కుల్లో ఒకటి చెడింది. ఓనరు తేజస్విని దాని నంబరు చీటీమీద రాసుకుని, సర్వర్ నడుస్తుండగానే మార్చబోయింది.

"మంచిదాన్ని గుంజితే?" అన్నాను.

"రెండోది గూడ పోతే జనగామ పెండ్లి ఫొటోలన్నీ మాయమైతయి, అవ్వా. నంబరు చూసిన తీ, గిదే."

"ఏదీ, నన్ను చదవనీ."

"నువ్వు చదివేసరికి ఆ పెండ్లిపిల్లలు అవ్వలైతరు!"

అయినా చీటీ ఇచ్చింది. ఆమె గుంజబోయిన డిస్కుమీది అంకెలకు వేలు ఆనించి చదివాను.

"ఏడు... నాలుగు... రెండు... చీటీల ఎనిమిదుంది, దీనిమీద మూడుంది బిడ్డా."

తేజస్విని చెయ్యి ఆగిపోయింది.

"మొదలు, చివర చూసి ఊకున్న, అవ్వా."

పక్కదాని అంకెలన్నీ చీటీతో కలిశాయి. దాన్ని తీసి కొత్తది పెట్టింది. తెరమీద ఒక శాతం అని పడింది.

"ఎప్పటికైతది?"

"రేపటిదాకా. సర్వర్ మిగిలిన మూడు డిస్కులల్లది ఒక్కొక్క ముక్కే చదివి దీంట్ల రాయాలె. మస్తు నిదానం."

"రాయనీ. దాన్నన్న ఎక్కిరియ్యకు బిడ్డా."

— ఓదెమ్మ, 64 ఏండ్లు, ప్రస్తుతం లింగాల ఘనపూర్