నోరు విప్పని ఆఫీసరు

ఐదు నిమిషాల్లో బయటికి పంపేశారట. పద్దెనిమిది నెలలు సముద్రం మీద తిరిగొచ్చినవాణ్ణి, రాత పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, నోటి పరీక్ష నుంచి ఐదంటే ఐదే నిమిషాల్లో!

సోమలింగానికి తల కొట్టేసినట్టయింది.

రాష్ట్రం కాని రాష్ట్రం, ఉధ్నాలో వాళ్లుండే గల్లీ నిండా సిరిసిల్ల వైపు నుంచి వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే నేతపనివాళ్లే. కొడుకు శివకృష్ణ ఓడలో కేడెట్‌గా చేరిన రోజు నుంచి ఆ గల్లీలో సోమలింగం నడకే మారిపోయింది.

"ముంబైల ఒక్క పరీక్ష గట్టెక్కితే సాలు. ఓడను ఎటు తిప్పాల్నో మావోడే చెప్తడు" అని టీ కొట్టు దగ్గర చెప్పాడు. కరోనా పరీక్షకని ముక్కులో పుల్ల పెట్టిన నర్సుకు కూడా చెప్పాడు. "బడి కాంగనే నా సాంచా పక్కన చాపేసుకొని సదివినోడు మేడం. ఓడెక్కే ముంగట మనిషిని కండ్ల సంది కాళ్ల దాకా చూస్తరట. జర లోపమున్నా వాపస్ పంపుతరట. మావోడు ఫస్ట్ సారికే పాస్!"

పరీక్ష రోజు పొద్దున్నే దూద్ పేడాలు తెప్పించి పెట్టాడు. ఆ డబ్బా ఇప్పుడు భార్య ఊర్మిళ చీరల వెనక దాక్కుంది.

"ఏమడిగిండ్రురా?" అన్నాడు సోమలింగం.

శివకృష్ణ తల వంచుకుని చాప పుల్లలు పీకుతున్నాడు.

"నిన్నేరా! నోట్లె నాలిక లేదా?"

శివకృష్ణ ఇంకో పుల్ల పీకాడు. ఊర్మిళే దగ్గరికెళ్లి కొడుకు గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. "బాపు అడుగుతుండు బిడ్డా, చెప్పు."

"ఏమడిగిండ్రో తెల్వదు" అన్నాడు శివకృష్ణ.

"తెల్వదా? ఒక్క సవాల్‌కన్న జవాబ్ చెప్పినవా?"

"లే."

పొగరు. ఓడెక్కాక వీడికి పొగరు పట్టింది. వెనక నుంచి పిలిస్తే పలకడు. ఫోన్ చేస్తే ఎత్తడు, వీడియో కాల్ చెయ్యమని మెసేజ్ పెడతాడు. ఆఫీసరు కాకముందే ఆఫీసరు దర్జా అని ఇన్నాళ్లూ సోమలింగం మురిసిపోయాడు కూడా. ఇప్పుడు ఆ దర్జా తలుచుకుంటే ఒళ్లు మండుతోంది.

అంతలో కొడుకుతో పాటు పరీక్షకెళ్లిన దేవదాస్ ఫోన్ చేశాడు. కాకినాడ కుర్రాడు. ఊర్మిళ స్పీకర్ పెట్టింది.

"అంకుల్, నాకు ఓడ నడిపే రూల్సన్నీ నేర్పింది మీవాడేనండి. నేను పాసయ్యాను. వాడే ఇలా... తర్వాత వంతు నాదని తలుపు దగ్గరే ఉన్నానండి. కరోనాకని పెట్టిన అద్దం అవతల ముగ్గురు ఆఫీసర్లు మాస్కులు పెట్టుకుని, కోర్టులో జడ్జీల్లా కూర్చున్నారు. ఎవరికైనా గుండె జారుతుంది. కానీ వీడు భయపడినట్టు కూడా లేడండి. అడిగిన ప్రతిదానికీ వాళ్ల ముఖాల వంక చూస్తూ నిలబడ్డాడు. పెద్దాయనకి కోపమొచ్చేసింది. పోన్లెండి, మళ్లీ వెళ్లొచ్చు."

సోమలింగం కొడుకు వైపు తిరిగాడు. "మళ్ల పోతవా?"

"పోను. రేపటి సంది నీతోని కార్ఖానకు వస్త."

ఆ మాటకు సోమలింగం కూలబడ్డాడు. ఈ సాంచాల నుంచి కొడుకు బయటపడాలనే కదా ఇన్నేళ్లు కష్టపడింది! "ఇజ్జత్ తీసినవ్ గదరా! గల్లీల ఏ ముఖం పెట్టుకొని తిరగాలె?"

శివకృష్ణ తండ్రి ముఖంలోకే చూస్తూ అంతా విన్నాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ కలిసి కార్ఖానాకు నడిచారు. మొదటిసారి మాస్కు మంచిదే అనిపించింది సోమలింగానికి. సగం ముఖం దాస్తుంది. టీ కొట్టు దగ్గర ఎవరో పిలిచినట్టు చెయ్యి ఊపారు. చూడనట్టే దాటిపోయాడు.

సాంచాలు మొదలయ్యాయి. నలభై సాంచాలు ఒక్కసారి ఆడితే పక్కన పిడుగు పడినా తెలియదు. శివకృష్ణ ఓ మూల కూర్చుని దారం కండెలు సర్దుతున్నాడు. వాణ్ణి అక్కడ చూడలేక సోమలింగం ముఖం తిప్పేసుకున్నాడు.

పక్క సాంచా ఆగయ్య దగ్గరికొచ్చాడు. గడ్డంతో శివకృష్ణను చూపిస్తూ మాస్కు లోపల ఏదో అన్నాడు. సోమలింగానికి అందలేదు. ఆగయ్య మళ్లీ అన్నాడు. మళ్లీ అందలేదు.

ముప్పై ఏళ్లుగా ఆ కార్ఖానాలో ఎవరూ చెవులతో విన్నది లేదు. ఎదుటివాడి పెదవులు చూసే మాట అందుకుంటారు. సోమలింగం విసుగ్గా చెయ్యి చాపి ఆగయ్య మాస్కును గడ్డం కిందికి లాగాడు.

"సదువుకున్నోన్ని గీండ్లకు ఎందుకు తోలుకొచ్చినవే లింగన్నా?" అన్నాయి ఆగయ్య పెదవులు.

జవాబు చెప్పబోయి సోమలింగం ఆగిపోయాడు. చెయ్యి ఆ మాస్కు మీదే ఉండిపోయింది. వెనక సాంచాలో దారం తెగింది. అతను చూడలేదు.

ఈ సాంచాల పక్కనే చాపేసి తను పెంచిన, వెనక నుంచి పిలిస్తే పలకని కొడుకు, ముంబైలో ఆ ముగ్గురు ఆఫీసర్ల మాస్కులూ కిందికి లాగలేక అలా నిలబడిపోయాడు.