మూడో మోటారు

బావ రిమోటుతో నడిపే బొమ్మ ట్రక్కులో మూడో మోటారు కూడా మాడింది. ఇంత మొద్దుతో మా అక్క పన్నెండేళ్లు ఎలా వేగిందో!

"పెద్ద గేరు వేస్తే ట్రక్కు ఉరుకుతుంది, మోటారు మాడుతుంది. ఎన్నిసార్లు చెప్పాలి బావా? పదమూడు పళ్ల చిన్న గేరు నేనే బిగించి వెళ్లాను కదా! దాన్ని పీకి మళ్లీ ఇరవై పళ్లది పెట్టావా?"

"మోటారు పక్కనే చిన్న ఫ్యాను పెట్టాను కదరా, చల్లబడుతుందనుకున్నా."

"నిప్పుల మీద కూర్చుని విసనకర్రతో విసురుకున్నట్టుంది నీ తెలివి!"

స్క్రూడ్రైవరు కోసం సొరుగు లాగాను. రెండుసార్లు నేను బిగించి వెళ్లిన చిన్న గేర్లు రెండూ నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉన్నాయి. గేర్ల పళ్ల మధ్య ఎడం సరిచూసే కాగితపు ముక్క కూడా ఉంది. పని తెలియనివాడి సొరుగు కాదది.

బావ తల దించుకున్నాడు.

"మీ అక్క పోయాక, ఇది మాడితే తప్ప నువ్వు ఈ గడప తొక్కట్లేదు కదరా."

"సిగ్గులేదూ, ఇంత వయసొచ్చి!" అన్నాను.

కొత్త మోటారుకు ఇరవై పళ్ల గేరే బిగించాను. తర్వాత ఫ్యాను వైరు ఊడబీకాను.

"ఈ ఫ్యాను వల్లే నెలలు పడుతోంది బావా. ఇప్పుడు చూడు, వచ్చే ఆదివారానికల్లా మాడుతుంది."